మూడో పేజీకి దొరికిన పిల్ల

నా చిన్నప్పుడు మా ఇంటి ముందు గదిలో ఒక మేధావి ఉండేవాడు. మా బాపుకు వరసకు తమ్ముడు. రెంజల్ నుంచి వచ్చి నిజామాబాదులో టీచర్ ట్రైనింగు చదువుతున్నాడు. మేము చిన్నాయన అని పిలిచేవాళ్ళం. గదికి కిరాయి లేదు. అన్నం మా అమ్మ వండి పెట్టేది, బట్టలు నేను ఉతికేదాన్ని. ఆయన రోజంతా మనుషుల మనసుల గురించి చదువుకునేవాడు. అదే ఇంట్లో తిరిగే మనుషుల వైపు తలెత్తి చూసే తీరిక మాత్రం ఆయనకు ఉండేది కాదు.

బాపు బోధన్ దిక్కు చెరుకు బండి తోలేవాడు. అమ్మా నేనూ పక్కింటి అక్కా మా వాకిట్లో కూర్చుని బీడీలు చుట్టేవాళ్ళం. నానబెట్టిన తునికాకు మీద రేకు ముక్క పెట్టి, ఆ కొలతకు కత్తెరతో కోయడం నా వంతు. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. ఆ ఎండాకాలం అమ్మ ఎన్నో రోజులు బతిమాలి, తమ్ముడితో పాటు నన్ను కూడా బడిలో వేయడానికి బాపును ఒప్పించింది. ఏడో తరగతి దాకా చదివిన పక్కింటి అక్క తన పాత పలక కడిగి నా చేతిలో పెట్టింది.

చిన్నాయనకు ట్రైనింగులో ఒక నోటుబుక్కు నింపే పని ఇచ్చారు. ఆయన చదువు మొత్తం మా మీదే సాగేది. గంట కొట్టి తిండి పెడితే కొన్నాళ్ళకు కుక్కకు ఉత్త గంటకే నోరూరుతుందని ఎక్కడో చదివి, వాడకట్టు పిల్లలందరినీ వరసగా నిలబెట్టి గంట కొట్టి, పిప్పరమెంటు ఇచ్చి, నోళ్ళలోకి తొంగిచూసేవాడు. మమ్మల్ని కుక్కపిల్లలనుకున్నా మాకు పిప్పరమెంటు దక్కింది కనుక ఆ పాఠం మీద నాకు పగ లేదు. కానీ నోటుబుక్కుకు ముగ్గురు పిల్లలు కావాలి: తెలివైనవాడు ఒకడు, మామూలువాడు ఒకడు, మందబుద్ధి ఒకరు. తెలివైనవాడు ఎదురింటి కిరాణా సేటు కొడుకయ్యాడు. మామూలువాడు మా తమ్ముడు. మూడో పేజీ కోసం ఆయన వాకిలి కూడా దాటలేదు.

ఒక పొద్దున నన్ను పిలిచి నాలుగు బొమ్మలు ముందు పెట్టాడు. ఆకు, మామిడికాయ, కత్తెర, చాకు. రెండేసి జతలు కలపమన్నాడు. నాకు ఆలోచించాల్సిన అవసరమే రాలేదు. ఆకు పక్కన కత్తెర పెట్టాను, మామిడికాయ పక్కన చాకు పెట్టాను. ఆయన పెదవి విరిచి తల ఊపాడు. ఆకూ కాయా చెట్టువట, కత్తెరా చాకూ ఇనుపవట. ఆ రెండు జతలు తప్ప లోకంలో మూడో జత లేదట.

బాపు అప్పుడే వాకిట్లో బండికి ఎద్దులను కడుతున్నాడు. చిన్నాయన ఆయన దగ్గరికి పోయి చెప్పేశాడు.

"అన్నా, పిల్లకు బుద్ధి తక్కువున్నది. బడికి పంపినా ఫాయిదా లేదు. బీడీలు చేసుకోనియ్యి."

అమ్మ తల దించుకుని బీడీలు చుడుతూనే ఉంది. బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పక్కింటి అక్క మాత్రం లేచి వచ్చి నన్ను అడిగింది.

"గట్ల ఎందుకు పెట్టినవు బిడ్డా?"

"ఆకును కత్తెరతోనే కోస్తం గదక్కా. కత్తెరను చాకు పక్కన పెడ్తే పనెట్లయితది?"

అక్క చిన్నాయన వైపు తిరిగింది. "ఇన్నవా సారూ? గిదాంట్ల తప్పేమున్నది?"

"గది తెలివి గాదు, అలవాటు," అన్నాడు ఆయన. "నీకు అర్థంగాదు తియ్యి."

"మీకుంటే తెలివి, మాకుంటే అలవాటా?" అంటూ అక్క ఆయన చంకలోని నోటుబుక్కు లాగి తెరిచింది. మూడో పేజీ తీసి పైకి చదివింది. మందబుద్ధి గల బాలిక అని అందమైన అక్షరాలతో రాసి, కింద నా పేరు, నా వయసు, చివరన నా గురించి ఆయన తేల్చిన మాట, అన్నీ సిద్ధంగా ఉన్నాయి.

"పరీక్ష ఇప్పుడు పెట్టినవు. సిరా ఎప్పుడో ఆరింది సారూ."

చిన్నాయన ముఖం నల్లబడింది. పుస్తకం గుంజుకుని గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. నేను బాపు వైపు చూశాను. ఆయనకు అంతా అర్థమైంది. అయినా కాడి సర్దుతూ, "సదివినోడు రాసిండు గద, ఊకెనే రాస్తడా," అని బండి ఎక్కాడు. బాపు మోసపోయాడని నేను ఏనాడూ అనుకోలేదు. ఆయనకు బీడీలకు నా పది వేళ్ళు కావాలి. ఆయనకు కావలసిన మాటే చిన్నాయన తెచ్చి ఇచ్చాడు. ఆ ఏడు తమ్ముడు ఒక్కడే బడికి పోయాడు.

నలభై దాటాక, కాలేజీలో చదివే మా బిడ్డ దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. కూడబలుక్కుంటూ నేను చదివిన మొదటి లావు పుస్తకం దాని మనస్తత్వశాస్త్రమే. ఆ పండితులకు ఒకరంటే ఒకరికి పడదు. బయటికి కనిపించే ప్రవర్తనే నిజమని ఒక వర్గం, కనిపించని లోపలి కోరికలే అన్నింటికీ మూలమని ఇంకో వర్గం. ప్రతి మనిషిలోనూ ఎదగాలనే తపన ఉంటుందని మరికొందరు చాలా దయగా రాశారు. ఆ పేజీ దగ్గర నాకు నవ్వొచ్చింది. తర్వాత గెస్టాల్ట్ అనే వాదం వచ్చింది. మనసు వస్తువులను విడివిడి ముక్కలుగా చూడదు, వాటి మధ్య సంబంధంతో కలిపి మొత్తంగా చూస్తుందని అందులో ఉంది. అంటే నేను చేసింది వాళ్ళ పుస్తకంలోనే ఉంది. చిన్నాయన కూడా ఆ పాఠం చదివే ఉంటాడు. దానికి మార్కులు కూడా వచ్చి ఉంటాయి. ఆయన హెడ్మాస్టరై, పూలదండలు వేయించుకుని రిటైరయ్యాడు. ఇంకెన్ని మూడో పేజీలు నింపాడో నాకు తెలియదు.

చదువుకున్నవాళ్ళంటే నాకు భయం పోయింది, గౌరవం కూడా చాలావరకు పోయింది. పక్కింటి అక్క మీద మాత్రం ఆ గౌరవం చెక్కుచెదరలేదు. ఆ రోజు ఆమె నన్ను బడికి పంపలేకపోయింది. కానీ నా తల లోపల ఏముందో నన్నే అడిగిన మొదటి మనిషి ఆమె. ఇప్పుడు మా వాడకట్టులో ఏ పిల్లనైనా మొద్దు అని ఎవరైనా అంటే, నేను ఆ పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని ఎందుకు అట్ల చేసిందో అడుగుతాను. కొందరు వెంటనే చెబుతారు, కొందరికి పూట పడుతుంది. జవాబు వచ్చేదాకా నేను లేవను, పక్కన నిలబడ్డ పెద్దమనిషిని నోరు విప్పనివ్వను.