కుడివైపుకు మార్చిన రీలు

తంజోంగ్ పగార్‌లో మా పాత ఆఫీసు మెట్ల మీద, వాన పడి వెలిసిన ఒక సాయంత్రం, కాలు జారి నా కుడి మణికట్టు విరిగింది. లోపల ప్లేటు వేశారు. ఎముక అతుక్కుంది గానీ వేళ్ళు కొయ్యబారిపోయాయి. ఇరవై ఏళ్ళుగా బ్యాంకు సాఫ్ట్‌వేరు రాస్తూ కీబోర్డు మీదే బతికినదాన్ని. టైపింగ్ ఎడమచేత్తో ఎలాగో నెట్టుకొచ్చాను. అన్నం కలుపుకోలేకపోవడమే ఎక్కువ బాధించింది. చెంచాతో తింటే పప్పన్నానికి రుచే ఉండేది కాదు. ఫిజియోథెరపీ అమ్మాయి ఒక మెత్తటి బంతి ఇచ్చి రోజూ పిసకమంది. నెల తిరిగేసరికి నాకు బంతి మీదా, ఆ అమ్మాయి మీదా, అందరికంటే ఎక్కువగా నా మీదా కోపం వచ్చింది.

ఒక ఆదివారం పొద్దున్నే మావారు నన్ను బయటికి తరిమినంత పని చేశారు. "ఇంట్లో కూర్చుని గోడల్ని చూడకు. రిజర్వాయర్ చుట్టూ ఒక రౌండు కొట్టి రా."

బెడోక్ రిజర్వాయర్ మా ఫ్లాటుకు పది నిమిషాల నడక. చేపలు పట్టుకోవడానికి అనుమతి ఉన్న చోట ఒకాయన రాళ్ళ మీద కూర్చుని, ఫోను స్పీకర్లో పెట్టి, దారం పళ్ళతో పట్టుకుని ముడి వేస్తున్నాడు. ఫోనులోంచి ఒక ఆడగొంతు ఏదో చెబుతోంది. ఆయన పళ్ళ సందుల్లోంచే, "గుంటకి జొరం తగ్గిందేటే?" అని అడిగాడు.

నా కాళ్ళు ఆగిపోయాయి. ఫోను పెట్టేసేదాకా ఆగి, "మీది శ్రీకాకుళం వైపా?" అన్నాను.

ఆయన నోట్లో దారంతోనే లేచి నిలబడ్డాడు. "అవును మేడం. ఎలగ పట్టీసారు?"

నలభై ఏళ్ళుంటాయి. సముద్రం ఒడ్డు పల్లెలో చేపలవాళ్ళ కుటుంబం. ఇక్కడ తూర్పు వైపు ఒక షిప్‌యార్డులో రిగ్గర్. అంటే క్రేను ఎత్తే బరువులకు తాళ్ళూ గొలుసులూ కట్టే పని. వారమంతా ఇనుము ఎత్తించి ఆదివారం ఒక్కపూట ఇక్కడికి వచ్చి చేపల మీద పగ తీర్చుకుంటానని నవ్వాడు. పట్టేది పీకాక్ బాస్. పసుపు ఒళ్ళు, నల్లటి పట్టీలు, తోక మొదట్లో నెమలి కన్నులాంటి మచ్చ. ఇక్కడ బతికున్న ఎర వాడకూడదు, ప్లాస్టిక్ చేపే కట్టాలి. "మా అయ్య సూత్తే నవ్వి సచ్చిపోతాడు మేడం, రబ్బరు రొయ్యేసి సేపని పిలుత్తన్నాననీసి."

రాడ్ ఒకసారి పట్టుకోనిచ్చాడు. నా కుడిచేయి దాని చుట్టూ మూసుకోలేదు. ఆయన ఆ చేతి వంక చూశాడు గానీ ఏమైందని అడగలేదు. రీలు హ్యాండిల్ వేలితో చూపించి, "ఇది ఇటు తిప్పాల. రోజుకి రెండొందలు సార్లు తిప్పుతాం. బంతి పిసికినట్టు ఇసుగు రాదు" అన్నాడు. బంతి సంగతి నేను చెప్పనే లేదు. యార్డులో చెయ్యి నలిగినవాళ్ళందరికీ ఆ బంతే ఇస్తారట.

మరుసటి వారం నాకు తెలిసిందంతా ప్రదర్శించుకుందామని ఒక్కదాన్నే వెళ్ళి సామాను కొన్నాను. ఇప్పటి ఆఫీసున్న రాఫెల్స్ ప్లేస్‌లో లంచ్ టైములో మూడు రోజులు వీడియోలు చూసి, నిపుణులందరూ వాడేదే కావాలని, రాడ్ మీద డ్రమ్ములా కూర్చునే బెయిట్‌కాస్టర్ రీలు తీసుకున్నాను. ఆదివారం మొదటి విసురుకే ఎర నీళ్ళలో పడి ఆగిపోయింది గానీ డ్రమ్ము తిరుగుతూనే ఉంది. దారమంతా నెల రోజులు దువ్వని జుట్టులా ఉబ్బి బయటికొచ్చింది. ఆయన నా పక్కన కూర్చుని, పిన్నీసుతో గంటన్నర సేపు ఒక్కొక్క పోగూ తీశాడు. తన చేపల వేళ దాటిపోయింది.

"ఇది మంచిదే మేడం. కానీ దీనికి బొటనేలు సురుగ్గా ఉండాల. దారం ఎల్తన్నంత సేపూ ఏలుతో ఆపుతుండాల. మీ ఏలికి ఆ పని ఇప్పుడే ఎందుకు? పైగా దీని హ్యాండిల్ ఎడం పక్కే ఉంటాది, మార్చలేం."

ఆ మధ్యాహ్నం ఆయనే నన్ను ఒక పాత దుకాణానికి తీసుకెళ్ళాడు. ఒక ముసలి చైనీస్ అంకుల్ కొట్టు. గోడ నిండా రాడ్లు, గాజు పెట్టెల్లో రీళ్ళు. ఆయన అంకుల్‌కు నా చేయి చూపించి, వచ్చీ రాని ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. అంకుల్ తల ఊపి, అరచేతిలో ఇమిడే మామూలు స్పిన్నింగ్ రీలు ఒకటి తీసి, హ్యాండిల్ మర విప్పి, ఎడమవైపున్నదాన్ని కుడివైపుకు మార్చి నా ముందు పెట్టాడు. "ఆంటీ, దిస్ వన్ కెన్. లెఫ్ట్ హ్యాండ్ త్రో, రైట్ హ్యాండ్ టర్న్. స్లో స్లో లా."

ఎడమచేత్తో విసరాలి, కుడిచేత్తో తిప్పాలి. అంత చిన్న మార్పుతో ఈ పని నా చేతికి సరిపోతుందని అప్పటిదాకా నాకు తోచలేదు. నేను హ్యాండిల్ తిప్పాను. బొటనవేలూ, చూపుడువేలూ గుండ్రటి పిడిని పట్టుకున్నాయి. నొప్పి ఉంది గానీ తిరిగింది. కొట్టులో నిలబడి ఒట్టి రీలు అలా ఎంతసేపు తిప్పానో.

దారం ఎక్కించే పని నేనే చేస్తానన్నాను. అల్లిక దారం, సన్నం, గట్టిది. ఇంట్లో సోఫా మీద కూర్చుని మా అమ్మాయి చేత ఉండ పట్టించి చుట్టాను. "అమ్మా, నువ్వు ఫిషింగా? సీరియస్లీ లా?" అంటూనే పట్టుకుంది. తీరా ఆదివారం రీలు తిప్పుతుంటే హ్యాండిల్ తిరుగుతోంది గానీ దారం రావడం లేదు. నున్నటి ఇనుము మీద అల్లిక దారం మొత్తం ఉంగరంలా జారుతోంది. ఆయన చూసి నవ్వాడు. అడుగున ముందు కొంత మామూలు నైలాన్ దారం చుట్టాలట, అది ఇనుమును కరుచుకుంటుందట. మొత్తం విప్పి, చెట్టుకు చుట్టి, మళ్ళీ మొదటినుంచి చేయించాడు. చివర రెండు మూరల గట్టి పారదర్శకమైన దారం. చేప కంటికి కనబడదు, రాళ్ళకు రాచుకున్నా తొందరగా తెగదు. ఆ రెండు దారాలనూ కలిపే ముడి వేయడానికి నాకు ఐదు ఆదివారాలు పట్టింది. ఆ ముడులు వేస్తున్న రోజుల్లోనే ఆయన మేడం మానేసి నన్ను అప్పా అనడం మొదలుపెట్టాడు. వాళ్ళ వైపు అక్కను అలా పిలుస్తారట.

ముడులు వేస్తున్న ఆ ఆదివారాల్లోనే మరో సంగతి బయటపడింది. ఆయన సంచిలో ప్లాస్టిక్ చేపల కింద ఒక పుస్తకం కనిపించింది. బరువులు ఎత్తించే సూపర్‌వైజర్ పరీక్షకు పాఠాలు. అంతా ఇంగ్లీషు. ఒకసారి రాసి తప్పాడు.

"పని నాకు పదమూడేల్లనించి తెలుసప్పా. కాయితం మీద అడిగితే తెల్దు."

"ఇటివ్వండి" అన్నాను.

ఆ రోజు ఆయన నా రీలుకు డ్రాగ్ సరిచేస్తున్నాడు. డ్రాగ్ అంటే, చేప బలంగా లాగినప్పుడు దారం తెగకుండా రీలు కొంచెం కొంచెం వదిలే బిగింపు. లీటరున్నర సీసా నిండా నీళ్ళు పోసి దారం కొసకు కట్టి, రాడ్ మెల్లగా ఎత్తమన్నాడు. సీసా నేల విడవాలి, రీలు అప్పుడే జారడం మొదలుపెట్టాలి. "దారం ఏడు కేజీలు మోస్తాది. మనం ఒకటిన్నరకే ఒగ్గేత్తాం. ఎందుకంటే సేప కుదుపుతాది, ముడి కాడ బలం తగ్గుతాది, దారం పాతబడతాది. మోసేదంతా మోయించకూడదు."

నా ఒళ్ళో తెరిచి ఉన్న పేజీలో మొదటి ప్రశ్న అదే. తాడు తెగే బరువుకూ, దానితో క్షేమంగా ఎత్తదగిన బరువుకూ తేడా ఎందుకు ఉంచాలి? నేను ప్రశ్న చదివి తెలుగులో చెప్పాను. ఆయన సీసా వంక చూసి, నా వంక చూసి, "ఇదేనా అడుగుతన్నారు?" అన్నాడు. ఆ గొంతులో ఆశ్చర్యం కంటే కోపం ఎక్కువ. ఈ మాట కోసమా నన్ను తప్పించారు అన్నట్టు.

అప్పటినుంచి ఆదివారం సగం పూట చేపలు, సగం పూట చదువు. ఇంగ్లీషు మాటలు అట్ట ముక్కల మీద నా వంకర ఎడమచేతి రాతతో రాసేదాన్ని. ఆయన వాటిని ఎరల డబ్బాలో పెట్టుకునేవాడు.

ఇక్కడ నేను సిగ్గుపడే పని ఒకటి చెప్పాలి. ఒక పొద్దున మా బ్లాకులో ఉండే తెలుగావిడ నడుస్తూ వచ్చి ఆగింది. నన్నూ, నా పక్కన యార్డు టీషర్టుతో ఉన్న ఆయన్నూ చూసి, "ఎవరండీ ఈయన?" అంది. నేను, "ఎవరో, ఇక్కడ చేపలు పట్టుకుంటుంటాడు" అన్నాను. తెలుగులోనే అన్నాను. ఆయన తల ఎత్తలేదు, చేతిలో ముడి పూర్తిచేశాడు. ఆవిడ వెళ్ళిపోయాక, "ఇంద మేడం" అని రాడ్ నా చేతికిచ్చాడు.

ఆ మేడం అన్న మాట నన్ను వారమంతా పొడిచింది. తర్వాతి ఆదివారం ఆయన రాడేమోననుకున్నాను. వచ్చాడు. నేను కూర్చోకముందే చెప్పేశాను. "పోయిన వారం తప్పుగా మాట్లాడాను. నాకు చదువు చెప్పిన మాస్టార్లనెవరినీ 'ఎవరో' అనలేదు నేను. మిమ్మల్ని అన్నాను."

ఆయన పక్క రాయి మీది ఎరల డబ్బా తీసి నాకు చోటిచ్చాడు. "నన్ను కూడా మావోలు అడుగుతారప్పా, ఆ ఆంటీ ఎవులని. బేంకు మేడం అంటే నమ్మరనీసి నాను కూడా ఎవులో అనే సెప్పేను." ఆ తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం. నా తప్పు దాంతో పోలేదు గానీ, ఆయన దాన్ని నాకు తేలిక చేసి ఇచ్చాడు.

నాకు పీకాక్ బాస్ పడింది ఆ నెలలోనే. ఎండ అప్పుడే ఎక్కుతోంది. ఎర ఒడ్డుకు దగ్గరగా వచ్చింది, ఎవరో చేయి పట్టి గుంజినట్టు రాడ్ వంగింది. రీలు చప్పుడు చేస్తూ దారం పరుగెత్తింది. నేను భయపడి హ్యాండిల్ తిప్పబోయాను.

"తిప్పకండి! ఒగ్గేయండప్పా, పోనీండి! అలిసిపోద్ది!"

వదిలాను. చేప ఆగింది. "ఇప్పుడు బేగి తిప్పండి!" తిప్పాను. మళ్ళీ లాగింది, మళ్ళీ వదిలాను. కుడిచేతి వేళ్ళు నాలుగూ పిడిని పట్టుకుని ఉన్నాయని అది ఒడ్డుకు వచ్చాకే చూసుకున్నాను. ఆయన నీళ్ళలో మోకాళ్ళ దాకా దిగి రెండు చేతులతో ఎత్తాడు. బంగారు పసుపు, తోక దగ్గర నెమలి కన్ను, ఎర్రగా మండే కన్ను. నేను తడి చేతులతో ఒక్క నిమిషం పట్టుకుని నీళ్ళలో వదిలాను. అప్పుడు ఏడ్చాను. ఆయన అటు తిరిగి ఎరల డబ్బా సర్దుకున్నాడు.

పరీక్ష ఫలితం వచ్చిన రోజు నేను ఆఫీసులో ఉన్నాను. మీటింగ్ మధ్యలో ఫోను. ఆఫీసు ఎదురుగా ఉన్న నది ఒడ్డుకు పరుగెత్తి, తిరిగి చేశాను. అటువైపు యార్డు మోత. "అప్పా, పాసయిపోనాను!" ఆయన అరుపు విని లంచ్‌కు వెళ్తున్నవాళ్ళు తిరిగి చూశారు. నేను కూడా తెలుగులోనే అరిచాను.

సూపర్‌వైజర్ అయ్యాక ఆయన్ను పడమర వైపు యార్డుకు మార్చారు. ఇప్పుడు రెండు మూడు నెలలకొకసారి రైల్లో ఈ చివరిదాకా వస్తాడు. నా చేయి నూటికి నూరు బాగుపడలేదు, చిటికెనవేలు ఇంకా మొండికేస్తుంది. అన్నం మాత్రం కలుపుకుంటాను. ఫిజియోథెరపీ అమ్మాయి ఏం చేశావని అడిగితే, చేపలు పట్టానని చెప్పాను. ఆమె తన కాగితంలో రాసుకుంది.

ఈ ఊళ్ళో నాకు చాలామంది సాయం చేశారు. ఉద్యోగం ఇప్పించినవాళ్ళు, ఇల్లు చూపించినవాళ్ళు, పిల్లకు బడి వెతికిపెట్టినవాళ్ళు ఉన్నారు. అందరికీ ఏదో ఒక రకంగా థాంక్స్ చెప్పగలిగాను. తనకున్న ఒకే ఒక సెలవు పూట ముక్కూ మొహం తెలియని మనిషి దారం చిక్కు తీస్తూ గంటన్నర కూర్చున్నవాడికి ఎలా చెప్పాలో ఇప్పటికీ తెలియలేదు. పోయినసారి వచ్చినప్పుడు చెప్పబోతే, ఆయన వినిపించుకోకుండా భార్యకు వీడియో కాల్ చేసి ఫోను నా చేతిలో పెట్టాడు.

ఆమె ముందు కాసేపు సిగ్గుపడింది. మా ఇంటాయన్ని చదివించారు, మీరు సల్లగా ఉండాలంది. నేను ఆయన నాకు చేసింది చెప్పుకొచ్చాను, ఆ బాస్ సంగతి కూడా. ఆమె శ్రద్ధగా విని, "అయితే అప్పా, ఆ సేపని పులుసెట్టేరా, ఏపేరా?" అంది.

"లేదమ్మా, నీళ్ళలో వదిలేశాను."

"పట్టిన సేపనా?" అని ఆమె ఫోనుకు దగ్గరగా వచ్చి, నేను నిజమే చెబుతున్నానా అని నా మొహం పరిశీలనగా చూసింది. తర్వాత మొగుడి వైపు ఫోను తిప్పమని, ఆయన్ను బాగా చీవాట్లు పెట్టింది.