అక్క పేరుతో వెళ్ళిన మెయిళ్ళు

ఉదయం పదిన్నరకి టీ వచ్చింది. మదనపల్లె ఆఫీసులో మెయిల్ సర్వర్ మీద నేను నడుపుతున్న పరీక్ష కూడా అప్పుడే ముగిసింది. మాది టమాటా, మామిడి గుజ్జు తీసే కంపెనీ. సులువుగా ఊహించగల పాస్‌వర్డ్‌లు ఎవరెవరు పెట్టుకున్నారో చూడమని యాజమాన్యం చెప్పింది. జనం మామూలుగా వాడే మాటల్ని ఒక ప్రోగ్రాము ప్రతి ఖాతా మీదా వేసి చూస్తుంది. కుదిరితే ఆ ఖాతా పేరు తెర మీద పడుతుంది.

చాలామంది ఊరి పేరు రాసి పక్కన ఒకటి రెండు మూడు తగిలించారు. అది నేను ఊహించిందే. ఆ పేర్ల మధ్య మా అక్క పేరు కనిపించింది.

అక్క పుంగనూరు శాఖలో సరుకు నాణ్యత చూసేది. ఈ ఏడు మామిడికాయల కాలం మొదలవకముందే జబ్బు చేసి చనిపోయింది. పాత మెయిళ్ళు చూసుకోవాలి, ఖాతా కొన్నాళ్ళు ఉంచమని శాఖ మేనేజరు అడిగితే ఉంచాను. ఇప్పుడు తీసి చూస్తే, ఆ ఖాతాని ఆ రోజు పొద్దున కూడా ఎవరో తెరిచారు. ఆమె పోయాక దాన్నుంచి వెళ్ళిన మెయిళ్ళన్నీ రైతులకే. అన్నిటిలో ఒకటే సంగతి: మీ సరుకు తీసుకోము. కింద అక్క పేరు.

ఇంట్లో ఆమె చీరలు మేమింకా ఎవరికీ ఇవ్వలేదు.

మధ్యాహ్నం బస్సెక్కి పుంగనూరు వెళ్ళాను. ఆమె పేరుతో ఎందుకు పంపుతున్నారని మేనేజరుని అడిగాను.

"కూర్చోప్పా ముందు," అని నవ్వాడు. "మా పేరు పెడితే గేటు కాడికొచ్చి కొట్లాడతారు. ఆయమ్మ పేరుంటే యాడికి పోయి కొట్లాడతారు?"

"ఫోన్ సేసినా ఎత్తదు కదా సార్," అన్నాడు పక్క బల్ల గుమాస్తా. ఇద్దరూ నవ్వారు. నాకు ఇచ్చిన కాఫీ తాగబుద్ధి కాలేదు.

గేటు బయట కుప్పం వైపు రైతు ఒకాయన టమాటా బండి పక్కన నిలబడి ఉన్నాడు. నా మెడలో కంపెనీ కార్డు చూసి పిలిచాడు.

"ఏమప్పా, లోపలుండే ఆయమ్మకి పొగరెక్కిందా? ముందైతే వద్దన్నా పండు కోసి సూపిచ్చి, ఇదీ లోపమని సెప్తా ఉండె. ఇప్పుడు సూడకుండానే తిప్పి పంపతాండాది. అడుక్కోవల్లనా మేము?"

"ఆమె మా అక్క. చనిపోయింది," అన్నాను.

తల మీది తువాలు తీశాడు. "ఎప్పుడప్పా?"

"మామిడికాయకి ముందు."

"మరి మొన్న నాకు రాసిందెవురు?"

చెప్పాను. ఆఫీసు తలుపు వైపు చూసి ఉమ్మాడు. "నేను ఇంటికాడ ఆయమ్మని నోటికొచ్చినట్లు తిడితినే," అన్నాడు.

ఆ సాయంత్రమే ఖాతా మూసేశాను. ఆ మెయిళ్ళు ఆమె రాసినవి కావని రైతులందరికీ తెలపాలని యాజమాన్యానికి రాశాను. అలా చేస్తే కంపెనీ పరువు పోతుందన్నారు. పాస్‌వర్డ్‌లు మార్చుకోమని మాత్రం అందరికీ ఒక నోటీసు పంపారు. మేనేజరుని ఏమీ అనలేదు. కుప్పం వైపు పల్లెలకు సెలవు రోజుల్లో నేనే వెళ్ళి, దొరికినవాళ్ళకి చెప్పాను. అందరూ దొరకలేదు. కొందరి దృష్టిలో తమ పంట చూడకుండా వద్దన్న మనిషి ఇప్పటికీ అక్కే.

సరుకు వద్దని మెయిళ్ళు ఇంకా వెళ్తున్నాయి. వాటి కింద ఇప్పుడు ఎవరి పేరూ పెట్టడం లేదు.