మావగారి స్వెట్టరుకి గంజి పెట్టిన వైనం

ఈ సంగతి ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం సిగ్గు అనుకునేరు. సిగ్గు నాకు మొదట్నుంచీ తక్కువే. అక్షరాలు లేవు, అంతే. నలభై ఆరో ఏట మా ఊరి సాయంకాలపు బడిలో, నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నదైన పంతులమ్మ ముందు పలక పట్టుకుని కూర్చుని అ, ఆ దిద్దాను. అంతకు ముందు ఈ కథని నోటితోనే చెప్పేదాన్ని. అలా చెబుతుంటే సగంలో మా ఆయన అడ్డం వచ్చి ముగింపు చెప్పేసేవారు. కాగితం మీద ఆయన అడ్డం రాలేరు కదా! ఏ లోపమూ లేని ఒక స్వెట్టరుని నా రెండు చేతులతో ఎలా నాశనం చేశానో మొదట్నుంచి చివరిదాకా ఇవాళ నేనే చెబుతాను.

మా పుట్టిల్లు నరసాపురం. మా వీధి చివర ఆడపిల్లలకి లేసు అల్లడం నేర్పే చోటొకటి ఉండేది. అక్కడ లేసుతో పాటు అల్లిక మిషను కూడా ఉండేది. బారెడు పొడుగు ఇనప పట్టీ, దాంట్లో దువ్వెన పళ్ళలా వరసగా సూదులు, వాటి మీద అటూ ఇటూ జరిపే చిన్న పెట్టె. ఆ పెట్టెని మేము బండి అనేవాళ్ళం. బండిని ఈ చివర్నుంచి ఆ చివరకి ఝర్రున లాగితే ఒక వరస అల్లిక తయారు. నాకు పుట్టుకతోనే కుదురు లేదు. లేసు పట్టుకుని కూర్చుంటే కాళ్ళల్లో చీమలు పాకేవి. మిషను ముందు మాత్రం చెయ్యి ఆగే పని లేదు కాబట్టి ప్రాణానికి హాయిగా ఉండేది.

పెళ్ళయి పాలకొల్లు పక్కనున్న అత్తవారి ఊరు వచ్చాక పద్నాలుగేళ్ళు ఆ ఝర్రు వినలేదు. తర్వాత ఆ లేసు నేర్పే చోటు మూసేశారు. మూసేటప్పుడు అక్కడి టీచరమ్మగారు, "ఈ మిషను సత్యవతికి ఇచ్చేయండి, దాని చేతులు ఎక్కడున్నా గిజగిజలాడుతూ ఉంటాయి" అన్నారట. మా తమ్ముడు దాన్ని ఆటోలో వేసుకొచ్చి మా వసారాలో దించాడు.

"ఏంటే ఇది?" అన్నారు మా అత్తగారు.

"అల్లిక మిషనండి. స్వెట్టర్లు అల్లుతుందండి."

"స్వెట్టర్లా? పుష్యమాసంలో కూడా విసనకర్ర దాచుకోని ఊరే ఇది. ఎవరికి తొడుగుతావే, గేదెకా?"

ఆవిడ అంతటితో ఊరుకోలేదు. పాత ఇనుముకి ఉల్లిపాయలిచ్చే అతను వీధిలోకి వస్తే చాలు, లోపలికి పిలిచి మిషను చూపించేవారు. అతను ఓ కొస ఎత్తి చూసి, "పన్నెండు కేజీల ఉల్లిపాయలిత్తానండమ్మా" అనేవాడు. "పదిహేను చెయ్యి" అనేవారు ఈవిడ. నేను వంటింట్లోంచి ఆ బేరం వింటూ గరిట తిప్పుతుంటే పప్పు కాస్తా పాయసం అయిపోయేది. పద్నాలుగేళ్ళ తర్వాత చేతికొచ్చిన మిషను, మూడు కేజీల ఉల్లిపాయల తేడా మీద ఆగి ఉంది మరి!

ఇలా ఉండగా మా మావగారూ అత్తగారూ మే నెలలో బస్సులో బదరీ యాత్రకి పేర్లు ఇచ్చారు. అక్కడ మంచు ఉంటుందని ఎవరో చెప్పగానే మావగారు నన్ను పిలిచారు.

"అమ్మాయ్, నాకో స్వెట్టరు అల్లు. తొడుక్కునేలా ఉంటే నీ మిషను ఈ వసారాలోనే ఉంటుంది. లేదంటే మీ అత్తగారి బేరం ఆవిడది. నేను అడ్డు రాను."

సరే అన్నాను. కానీ కొలతో? మావగారి ఛాతీకి టేపు చుట్టే కోడలు ఏ ఊళ్ళో ఉందండీ? మా ఆయన్ని పంపితే, "నాన్నగారు కునుకు తీస్తున్నారు" అని తిరిగొచ్చేశారు. రైసు మిల్లులో గుమాస్తా ఆయన. బస్తాలు తూచమంటే తూస్తారు గానీ తండ్రిని కొలవమంటే భయం. చివరికి దండెం మీదున్న మావగారి లాల్చీ కొలిచాను. లాల్చీలో ఆయనతో పాటు గాలి కూడా కాపురం ఉంటుంది కాబట్టి గాలి వాటా నాలుగంగుళాలు తీసేశాను.

మా ఆయన రాజమండ్రి వెళ్ళి కాఫీపొడి రంగు ఊలు తెచ్చారు. ఉండ ఉండకీ ఒక కాగితం చుట్టి ఉంది.

"దీని మీద ఏదో రాశారు. చదవనా?" అన్నారు.

"ఊలుకి చదువెందుకండీ? నాకు తెలియని ఊలా?" అన్నాను. చదువు రానివాళ్ళకి ఉండే పొగరు చదువుకున్నవాళ్ళకి ఉండదు, నా మాట నమ్మండి.

మొదటి రోజు మిషను నా పొగరు కొంచెం దించింది. అల్లిక కిందికి బిగువుగా దిగడానికి దానికి కొక్కేలున్న ఇనప బరువులు తగిలిస్తాం. ఇరవై వరసలు దర్జాగా లాగాను. ఇరవై ఒకటో వరసలో బండిలోంచి ఊలు జారిపోయింది. నేను చూసుకోలేదు. ఖాళీ బండిని ఝర్రున లాగేసరికి సూదులన్నీ ఒక్కసారిగా కుట్లు వదిలేశాయి. అల్లికా బరువులూ కలిసి దభీమని పడ్డాయి.

"ఏంటే ఆ చప్పుడు?" అని వంటింట్లోంచి అత్తగారు.

"ఏం లేదండి, బరువులు దించానండి."

"ఎక్కడ?"

"కాలి మీదండి."

ఆ తర్వాత మాత్రం చేతులకి పాత జ్ఞాపకం వచ్చేసింది. పూలూ తీగలూ ఏమీ లేని సాదా స్వెట్టరు. ముందు ముక్క, వెనక ముక్క, రెండు చేతులు, గుండ్రటి మెడ. మూడు రోజుల్లో అల్లి, కుట్టి, మంచం మీద పరిచాను. బ్రహ్మాండంగా ఉంది. నిజం చెబుతున్నాను, బాగుంది! బస్సుకి ఇంకా వారం రోజులు ఉంది. ఊరుకున్నంత ఉత్తమం లేదని పెద్దలు ఊరికే అన్నారా? కానీ ఆ పెద్దల్లో ఒక్కరికైనా నా చేతుల్లాంటి చేతులు ఉండి ఉండవు.

పక్కింటి మరియమ్మ వచ్చింది. లేసు అల్లడంలో ఆవిడ మా అందరికీ గురువు. స్వెట్టరుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"బాగానే ఉంది గానీ సత్యమ్మా, కింద అంచు పైకి చుట్టుకుపోతందేంటమ్మా, నూనెలో ఏసిన అప్పడంలాగ?"

"తొడుక్కుంటే సర్దుకుంటుందిలే."

"సొట్టరు సర్దుకుంటది. మీ మావగారు సర్దుకుంటారా?"

ఆ మాట అని ఆవిడ హాయిగా వెళ్ళిపోయింది. నాకు మాత్రం కాలు ఒక చోట నిలవడం మానేసింది. కూర తరుగుతూ లేచి వెళ్ళి అంచు చూడటం, నీళ్ళు తోడుతూ వదిలేసి వెళ్ళి అంచు చూడటం. చేత్తో సాపు చేస్తే సాపుగా ఉంటుంది, చెయ్యి తీస్తే చుట్టుకుంటుంది. పరుపు కింద పెట్టాను. రుబ్బురోలు పొత్రం పెట్టాను. నేనే ఎక్కి కూర్చున్నాను. లేచి చూస్తే, కూర్చున్నంతసేపే మర్యాద.

"ఏంటే, కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావు?" అన్నారు అత్తగారు.

"అంచండి."

"ఆయనకి చలేస్తే అంచు చూసుకుంటారా? వదిలెయ్యి."

చూశారా! నా మిషనుని ఉల్లిపాయలకి బేరం పెట్టిన మనిషి కూడా వదిలెయ్యమంది. నేను వదల్లేదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, మిషనులో అన్నీ ఉన్నా కోడలి చేతిలో శని.

ఇలా రెండు రోజులు పోయాక, మూడో రోజు పొద్దున్న మెరుపులాంటి ఆలోచన వచ్చింది. మా నరసాపురం ఆడవాళ్ళకి లోకంలో ఏ వంకరకైనా మందు ఒక్కటే, గంజి. లేసు ఎంత మెలికలు తిరిగినా వేడి గంజిలో ముంచి, లాగి ఆరేసి, ఇస్త్రీ పెడితే పళ్ళెంలా సాపుగా వస్తుంది. నూలుకి పనిచేసింది ఊలుకి చెయ్యదా?

అన్నం వార్చిన వేడి గంజిలో స్వెట్టరు ముంచాను. పైకి తీస్తే అప్పుడే పుట్టిన దూడంత బరువుంది. దండెం మీద వేశాను. అంచు తిన్నగా దిగాలి కదా? పొట్లకాయ వంకర పోకుండా కొసకి రాయి కడతాం కదా? మిషను బరువులు ఆరూ తెచ్చి అంచు పొడుగునా తగిలించాను. నా తెలివికి నేనే మురిసిపోయి వంటకి వెళ్ళాను.

పులుసు పొయ్యి మీంచి దించి వచ్చేసరికి అంచు తిన్నగానే ఉంది. కానీ అది ఉండాల్సిన చోట లేదు. పొద్దున్న నా నడుం ఎత్తున ఉన్న అంచు ఇప్పుడు నా కాలి పట్టీల దగ్గరుంది. చేతులు కూడా కిందికి సాగి, నేల మీద ఏదో వెతుక్కుంటున్నట్టున్నాయి.

గుండె ఆగినంత పనైంది. అయినా బుర్ర ఆగలేదు, అదే నా ఖర్మ. పొడుగు పెరిగితే ఏం చెయ్యాలి? వెడల్పు లాగితే పొడుగు తగ్గాలి! ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు వేశాను. రాజెయ్యడానికి కాగితాలు కావాలి. ఊలు ఉండల మీంచి తీసిన కాగితాలు గూట్లో ఉన్నాయి. అవే వేసి రాజేశాను. స్వెట్టరుని అడ్డంగా లాగి పట్టుకుని, రోహిణి కార్తె ఎండలో, చెమటలు కారుతూ ఇస్త్రీ చేశాను. పొడుగు వేలెడు కూడా తగ్గలేదు. వెడల్పు మాత్రం నేను చెప్పినట్టు విని రెండింతలైంది. పైగా ఊలు మెత్తదనం చచ్చి, పట్టుచీరలా మెరుస్తూ, గంజి బిగుసుకుని చెక్కలా అయింది. గోడకి ఆనించి రెండడుగులు వెనక్కి వేశాను. నిలబడింది.

భోజనానికి వచ్చిన మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఎవరే వసారాలో నిలబడ్డారు? చెయ్యి కడుక్కోమనలేదా?"

ఆయన వెలుగులోంచి లోపలికి వచ్చి, తాకి చూసి, గూట్లో మిగిలిన ఒకే ఒక్క కాగితం తీశారు.

"సత్యా, దీని మీద ఏం రాసుందో తెలుసా? వేడి నీళ్ళలో ముంచరాదు. తడిమీద వేలాడదీయరాదు. ఇస్త్రీ చేయరాదు."

నేను ఒక్కోదానికీ ఒక్కో వేలు మడిచాను.

"మూడూ చేశావు. పైగా వరస కూడా తప్పలేదు. చదువు వచ్చినవాళ్ళు కూడా ఇంత పద్ధతిగా చెయ్యలేరే!"

"మిగతా కాగితాలు ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు రాజెయ్యడానికి వేశానండి" అన్నాను. దాంతో ఆయన కూర్చుండిపోయారు.

దాచేద్దామనుకున్నాను. దాచడానికి అది మడత పడితే కదా! నాలుగింటికి మావగారు లేచి, "ఏదమ్మా నా స్వెట్టరు?" అన్నారు. మా ఆయన పెరట్లో పనున్నట్టు మాయమైపోయారు. నేను తెచ్చి ఇచ్చాను. ఆయన ఫెళఫెళమనిపిస్తూ తొడుక్కున్నారు. అంచు మోకాళ్ళు దాటింది. వేళ్ళు ఎక్కడున్నాయో తెలియలేదు. చేతులు గంజి పుణ్యమా అని కిందికి దిగలేదు. రెండు చేతులూ బారజాపి, వసారా మధ్య కాఫీపొడి రంగులో నిలబడ్డారు.

"అమ్మాయ్, ఇది బదరీకా, మన మినప చేలో పిట్టల్ని తోలడానికా?"

ఈలోగా చెమటలు మొదలయ్యాయి. చెమటకి గంజి కరిగింది. కరిగిన గంజి మావగారికి పూతరేకు రేకులా అతుక్కుపోయింది. తియ్యబోతే రాదు. అత్తగారు వచ్చి, ఒక పక్క ఆవిడా ఒక పక్క నేనూ పట్టి లాగితే ఎప్పటికో ఊడింది.

మావగారు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ అత్తగారితో, "రేపు ఆ ఉల్లిపాయలతను వస్తే నీ బేరం తెగ్గొట్టుకో" అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అంటే ఏడ్చేదాన్ని. మామూలుగా అనేసరికి ఏడుపు కూడా రాలేదు. మిషను మీద చెయ్యి వేసి నిలబడ్డాను.

అత్తగారు ఆ స్వెట్టరుని బావి దగ్గరికి పట్టుకెళ్ళి గంజంతా పోయేదాకా ఉతికి, పిండి, ఎండలో నులక మంచం మీద పరిచారు. ఆ ఎండకి పొద్దువాలేసరికి ఆరిపోయింది. తీసుకొచ్చి, చీర మీదే తొడుక్కున్నారు. గంజి పోయింది కదా, మెత్తగా జారి మోకాళ్ళ కిందిదాకా కప్పేసింది. చేతులు పైకి మడిచారు. కింద కూర్చున్నారు. లేచారు. మళ్ళీ కూర్చున్నారు.

"ఏంటే ఆ వేషం?" అన్నారు మావగారు.

"వేషమేంటండీ? ఇది నాది."

"నీకు శాలువా ఉంది కదా!"

"మీకూ ఉంది. యాత్రకి ఇద్దరం వెళుతున్నామా, మీరొక్కరేనా? ఆ బదరీనారాయణుడు మగవాళ్ళకి మంచూ ఆడవాళ్ళకి ఎండా పంపిస్తానన్నాడా? ఇన్నాళ్ళ నుంచి ఈ ఇంట్లో స్వెట్టరు, స్వెట్టరు అని ఒకటే గోల. నీకు చలెయ్యదా అని అడిగిన పాపాన ఒక్కరు పోలేదు. నువ్వు కూడా అడగలేదే!" అని నావైపు తిరిగారు.

నేను తల దించుకున్నాను. స్వెట్టరు పాడు చేసినప్పటికంటే అప్పుడే ఎక్కువ సిగ్గేసింది.

"మరి నాకో?" అన్నారు మావగారు.

"మీకు కోడలు ఇంకోటి అల్లుతుంది. అంత మిషను ఇంట్లో పెట్టుకుని ఏడుపేంటండీ?"

పదిహేను కేజీలకి బేరం పెట్టిన నోటితోనే ఆ మాట! ఊలు మిగిలే ఉంది. మా ఆయన ఏది కొన్నా ఊరంతటికీ కొంటారు.

ఆ సాయంత్రం దీపం పెట్టి, దేవుడి ముందు చేతులు జోడించి గట్టిగా ఒట్టు పెట్టుకున్నాను. "స్వామీ, ఈ సత్యవతి ఇక ఈ జన్మలో ఊలుకి గంజి చూపించదు. తడి స్వెట్టరుకి బరువు కట్టదు. అన్నిటికంటే ముఖ్యంగా, బాగున్నదాన్ని బాగు చెయ్యదు." ఈ చివరిదాన్ని స్వామి నమ్మినట్టు కనపడలేదు. నాకే నమ్మకం లేదు.

అందుకని మర్నాడు పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా మిషను ముందు కూర్చుని, వెనక ముక్క అల్లేసి, సూదుల మీంచి దిగగానే దాన్ని పట్టుకెళ్ళి అత్తగారి చేతిలో పెట్టాను.

"మీ పెట్టెలో పెట్టి తాళం వెయ్యండి. నేనడిగినా ఇవ్వకండి."

"ఏడ్చినా ఇవ్వను."

"కొంచెం బతిమాలతానేమోనండి."

"అప్పుడు అసలివ్వను" అని తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకున్నారు. నేను వెళ్ళి రెండో ముక్క మొదలుపెట్టాను.