తెర మూలన చేతులు

ఆ రోజు సాయంత్రం ఆమె కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవలేదు. జుట్టు ముడి కూడా మేకప్ గదిలో అమ్మాయే వేసింది.

టీవీ తెర కింది మూలన చిన్న గడిలో నిలబడి, వినపడనివాళ్ల కోసం వార్తల్ని సంజ్ఞలతో చెప్పడం ఆమె ఉద్యోగం. స్టూడియోలో అందరికీ చేతులక్క. మర్నాడు పొద్దున భుజానికి ఆపరేషన్. అప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. రెండుసార్లూ కారణం అధ్యక్షుడే. కాంట్రాక్టుల కుంభకోణం బయటపడ్డప్పటి నుంచి ఆయన రోజు విడిచి రోజు జాతినుద్దేశించి ప్రసంగిస్తున్నాడు. ఆమె కాక ఆ పని తెలిసిన ఇంకొకావిడ ప్రసూతి సెలవులో ఉంది.

“ఇవాళ దిగిపోవడం ఖాయం అక్కా,” అన్నాడు కెమెరామన్. “రేపు హాయిగా కోయించుకో.”

“మొన్నా ఇదే కూత కూశావు.”

ఆ గడిలోంచి ఆమె ముగ్గురు అధ్యక్షుల్ని చూసింది. మొదటాయన, కొడుకు వ్యాపారాల గొడవ బయటికొస్తే వారం తిరక్కుండా రాజీనామా చేశాడు. నాలుగే వాక్యాలు, చెయ్యి వేడెక్కేలోపే అయిపోయింది. రెండో ఆయన ఏడ్చాడు. ఏడుపుకి సంజ్ఞ అక్కర్లేదు కాబట్టి ఆమెకు మధ్యమధ్య విశ్రాంతి దొరికింది. చివరికి ఒంట్లో బాగాలేదని చెప్పి తప్పుకున్నాడు. ఈ మూడో ఆయన చూరు పట్టుకు వేలాడే రకం. వెళ్లడు, ఊరుకోడు. ఒకరోజు విచారణ కమిటీ అంటాడు, ఇంకోరోజు విదేశీ కుట్ర అంటాడు. మొదలెట్టిన వాక్యం ఒక పట్టాన ముగించడు. ముగించేదాకా ఆమె చెయ్యి గాల్లోనే.

ఆ సాయంత్రం గంటసేపు మాట్లాడి, “నేను పోతే ఈ దేశానికి దిక్కెవరు?” అన్నాడు. దిగలేదు.

న్యూస్ చీఫ్ గుమ్మం దగ్గర ఎదురయ్యాడు. “ఎల్లుండి మళ్లీ ఉందటమ్మా. ఈ ఒక్కసారికి సర్దుకో.”

ఆమె తలూపింది. ఊపినందుకు దారంతా తనని తానే తిట్టుకుంది.

ఇంట్లో అమ్మ టీవీ ముందే కూర్చుని ఉంది. అమ్మకు పుట్టుకతో చెవుడు. ఆపరేషన్ ఆలస్యమైతే కీలు బిగుసుకుపోతుందని డాక్టర్ చెప్పినప్పుడు, ఆమెకు ముందు బెంగపట్టుకున్నది ఉద్యోగం గురించి కాదు, అమ్మతో ఎలా మాట్లాడాలని.

“పొద్దున ఎన్నింటికి బయల్దేరాలి?” అమ్మ చేతులు అడిగాయి.

“రేపు కాదమ్మా. ఎల్లుండి ప్రసంగం అయ్యాక.”

“అది అయ్యాక ఇంకోటి ఉండదా?”

“మనుషుల్లేరమ్మా. నేనూ పోతే ఎవరు చెప్తారు?”

అమ్మ తెర వైపు వేలు చూపించింది. “వాడూ అదే అన్నాడు. ఇందాక నీ చేతుల్తోనే చెప్పావు.”

“వాడితోనా నాకు పోలిక!”

“వాడు పోయేలా లేడు. నీ చెయ్యి పోయేలా ఉంది.”

అమ్మ కళ్లు మూసుకుంది. ఆ ఇంట్లో అవతలివాళ్ల మాట వినదలచుకోకపోతే చేసే పని అదే. ఎంత తట్టినా తెరవలేదు.

ఆమె విసురుగా ఫోన్ తీసి, ‘రేపటి నుంచి రాను’ అని చీఫ్‌కి పంపింది. వెంటనే ఫోన్ మోగింది. ఎత్తలేదు.

ఆపరేషన్ జరిగింది. ఆ మర్నాటి సాయంత్రం వార్డులోని టీవీలో అధ్యక్షుడు కనిపించాడు. తెర మూలన గడి ఖాళీగా ఉంది.

“ఏమంటున్నాడు?” అమ్మ అడిగింది.

కుడిచేతికి కట్టు ఉంది. ఎడమచేత్తో, “అదే,” అంది ఆమె.

ఆయన ఇంకో నలభై నిమిషాలు మాట్లాడాడు.