బందెలదొడ్డిలో ఫుట్‌బాల్

మా జేజి, అంటే నాయనమ్మ, ఒప్పుకోకపోతే మా ఇంట్లో ఆవు కూడా ఈనేది కాదు. అలాంటిది, పుంగనూరు దాటి మదనపల్లె కాలేజీలో ఇంటర్ చదువుతానని నేనంటే ఊరుకుంటుందా? తొంభైల్లో మాట. అప్పుడు నేను పదో తరగతిలో ఉన్నాను. నాయన ఎప్పటిలాగే తప్పుకున్నాడు.

"మీ జేజి సరే అంటే చేరిపిస్తా. లేదంటే లేదు."

జేజి అభ్యంతరం ఒక్కటే. "ఆ ఊరి పిల్లోళ్లకి మాట మీద నిలకడ లేదు. అట్లాంటి తావులో ఆడబిడ్డని ఎట్లా వదిలేది?" ఆమెకా సంగతి ఎవరు చెప్పారో మాకు తెలీదు. ఆ కాలేజీలోనే డిగ్రీ చదువుతూ ఫుట్‌బాల్ ఆడే మా చిన్నాయన, కుప్పం కాలేజీతో మ్యాచి ఉంది, వచ్చి కళ్లారా చూసుకోమన్నాడు. కొరివితో తల గోక్కోవడమంటే అదే.

జేజి నన్ను వెంటబెట్టుకుని, సంతలో గొడ్డును బేరం చేయడానికి పోయినట్టు బయల్దేరింది. స్టీలు క్యారియరు నిండా సంగటి ముద్దలు, చెనిక్కాయల ఊరిమిండి, అదే వేరుశనగ పచ్చడి. గ్రౌండులో ఎవరో మర్యాదకు కుర్చీ తెచ్చిస్తే వద్దని, సరిగ్గా గీత పక్కనే దుప్పటి పరిచి కూర్చుంది.

"ఇంతమంది ఒక్క దూడని తరుముతాండారు. మేపేవాడు ఒకడూ లేడే!" అంది గట్టిగా. వెనక కూర్చున్నవాళ్లు నవ్వారు. నేను తల దించుకున్నాను.

రెండో సగంలో కుప్పం వాళ్లు ఒక గోలు ముందున్నారు. చిన్నాయన మా వైపు అంచునే ఆడుతున్నాడు. జేజికి ఆకలైంది. క్యారియరు విప్పిందో లేదో, కుప్పం కుర్రాడొకడు తన్నిన బంతి రివ్వున వచ్చి దానికి తగిలింది. గిన్నెకు సొట్ట పడింది. సంగటి మన్నుపాలైంది.

జేజి అరవలేదు. బంతిని తీసి ఒళ్లో పెట్టుకుని, పైన కొంగు కప్పింది.

మా ఊళ్లో చేలో పడి మేసిన గొడ్డును కొట్టరు, తిట్టరు. తోలుకుపోయి బందెలదొడ్డిలో కట్టేస్తారు. దాని మనిషి వచ్చి, తప్పయిందని ఒప్పుకుని, మళ్లీ ఇటు పడనీయనని నలుగురిలో మాటిచ్చి విడిపించుకోవాలి. జేజి లెక్కలో బంతికీ గొడ్డుకీ తేడా లేదు.

చిన్నాయన పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, బంతియ్యి!"

"ఇది నీదా?"

"నాది కాదు, కాలేజీది."

"అయితే నువ్వు పో. తన్నినోడిని రమ్మను."

రెఫరీ వచ్చి విజిల్ ఊదాడు. జేజి బెదరలేదు. "ఊదప్పా, ఊదు. మా ఎనుము గొడ్లు గూడా దానికి బెదరవు." ఇంకో బంతి ఉంది గానీ దాంట్లో గాలి లేదు. చివరికి రెండు జట్లూ వచ్చి మా దుప్పటి ముందు నిలబడ్డాయి. ఇంటర్ సంగతి దేవుడెరుగు, ఈ ఊళ్లో మళ్లీ తలెత్తుకుని తిరగలేనని నాకు ఏడుపొచ్చింది.

బంతి తన్నిన కుర్రాడు చేతులు కట్టుకున్నాడు. "తప్పయింది అవ్వా."

"నువ్వొకడివే కాదు, అందరూ చెప్పండి. ఇంక ఈ పక్కకి పడనీయమని."

రెఫరీతో సహా అందరూ నవ్వాపుకుంటూ మాటిచ్చారు. జేజి కొంగు తీసింది.

ఆ తర్వాత ఆడింది ఫుట్‌బాల్ అవునో కాదో నాకిప్పటికీ తెలీదు. ఒక్కడూ బంతిని మా వైపు తన్నడు. పాపం, చిన్నాయన మా ముందు చేలో దిష్టిబొమ్మలా నిలబడిపోయాడు. ఆట అయిపోతుందనగా బంతి దొర్లుకుంటూ మా వైపే వచ్చింది. బయటికి పోనిస్తే కాలం గడిచిపోయేది, కుప్పం గెలిచేది. కానీ ఆ కుప్పం కుర్రాడే పరుగున వచ్చి, గీత దగ్గర పడిపోతూ కాలు అడ్డం పెట్టాడు. ఆగిన బంతి చిన్నాయనకు చిక్కింది. దాన్ని తీసుకుపోయి గోలు కొట్టాడు. మ్యాచి సమానంగా ముగిసింది.

"ఆ పిల్లోడు యాల ఆపినాడు? వదిలేసింటే వాళ్లే గెలిసేవాళ్లు గదా?" అంది జేజి.

"నీకు మాటిచ్చినాడు గదా," అన్నాను విసుగ్గా.

బస్సులో ఆమె సొట్ట గిన్నెను తడుముతూ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నా చదువు అంతటితో సరి అనుకున్నాను.

ఇంటి దగ్గర నాయన ఎదురొచ్చాడు. "ఎట్లుండాదమ్మా ఆ ఊరు?"

జేజి కాళ్లు కడుక్కుని మరీ తీర్పు చెప్పింది. "ఊరు గాని ఊరు నుంచి ఆటకొచ్చినోడు. గెలుపు పోతాదని తెలిసి గూడా, ముక్కూ మొగం తెలీని ముసిల్దానికిచ్చిన మాట తప్పలేదు. మదనపల్లె పిల్లోళ్లూ తప్పలేదు. బిడ్డని ఆడ చేరిపీ."

నేను జేజిని పట్టుకుని ఏడ్చేశాను.

జూన్‌లో చేరినప్పుడు ఆ సొట్ట క్యారియరే చేతికిచ్చింది. కొత్తది కొంటానని నాయనంటే వద్దంది. మొదటి రోజే సీనియర్లు ర్యాగింగ్‌కని నన్ను చుట్టుముట్టారు. వాళ్లలో ఒకడు ఆ మ్యాచి ఆడినవాడు. నా చేతిలో క్యారియరు చూశాడు, దాని సొట్ట చూశాడు, మెల్లగా చేతులు కట్టుకున్నాడు.

"మీ జేజి బాగుండాదా అమ్మా?" అన్నాడు.