ఎలీషా బండిల గాజు పలక

మా గల్లీల ఎలీషా తాగి కారు నడిపిండని, అందుకే పెండ్లాం లిదియాకు ఎడమ కన్ను పోయిందని మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాక చెప్పుకుంటున్నరు. అది అబద్ధం. ఎలీషా పండుగ నాడు గూడ సీసా ముట్టనోడు. అయినా ఆ మాట ఎంత దూరం పోయిందంటే, లిదియా అన్న వరప్రసాద్ దవాఖాన నుంచే చెల్లెను దొంతన్‌పల్లికి తోలుకపోయిండు. తాగుబోతు ఇంటికి పంప అన్నడు. మూడు నెలలాయె. ఇక్కడ ఎలీషా ఒక్కడే ఇంత వండుకొని తింటున్నడు.

ఇరవై ఏండ్ల డ్రైవరు వాడు. చిల్కూరు గుడికి వచ్చేటోళ్లను జీపుల తిప్పిండు, గండిపేటల ఒక దొరసాని కారు నడిపిండు, ఆఖరుకు సొంత బండి తెచ్చుకున్నడు. వాని బండెక్కుడంటే పరీక్షకు కూసున్నట్టే. వెనుక సీటైనా బెల్టు పెట్టుకోవాలె. తల వెనుక దిండు చెవులకు సమంగ ఉండాలె.

"ఎందుకురా, కునుకు తీయనీకా?" అని అడిగిన ఒకపారి.

"వెనుకకెల్లి ఎవడన్న గుద్దితే మెడ ఇరగకుండ పెట్టిన్రు పెద్దమ్మా. నువ్వు కునుకు తీసుకో, నేను తియ్యకుంటే చాలు."

తన సీటు మాత్రం ముందుకు ఎనుకకు జరిపి జరిపి, మోకాళ్లు జర వంగేటట్టు, చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగు మీద ఆనేటట్టు పెట్టుకునేది. సోమవారం సోమవారం టైర్ల గాలి చూసుకునేది. ఈ కాలపు బండ్లు బ్రేకు గట్టిగ తొక్కినా చక్రం బిగుసుకపోదట. కాలు కింద పెడలు గడగడలాడుతదట. భయపడి కాలు తియ్యొద్దు, స్టీరింగు వదలొద్దు అని కొత్తగ నేర్చుకునేటోళ్లకు చెప్పేది. అసొంటోనికి తాగుబోతు పేరొచ్చింది.

ఆ మాట ఎవరి నోట్లకెల్లి పుట్టిందో తెలుసుకునేదాక నాకు అన్నం సయించలే. పాలు పోసే మల్లేశ్‌ను పట్టుకున్న. తెల్లారుజామున చిల్కూరు మలుపు కాడ, ఎనుక ఎర్ర లైటు లేని ఇటుకల ట్రాక్టరుకు ఎలీషా బండి తగిలినప్పుడు ముందుగాల ఉరికింది వాడే.

"కండ్లార చూసిన అవ్వా. దిగి అటు ఇటు ఊగిండు. పేరు పెట్టి పిలిస్తే పలకలే."

"వాసనొచ్చిందా?"

"వచ్చింది."

"కల్లు వాసనా, బ్రాందీ వాసనా?"

మల్లేశ్ తల గోక్కున్నడు. "అట్ల కాదు. పటాకులు కాలిన వాసన లెక్క."

"పటాకులు తాగుతడారా ఎవడన్న?"

వాడు క్యాను ఎత్తుకొని పోయిండు.

చేవెళ్లల పాండు షెడ్డుల ఆ బండి ఉన్నదని తెలిసి బస్సెక్కి పోయిన. పాండు మంచోడు, ఓపికగ చూపించిండు. గుద్దిన రెప్పపాటుల ఎయిర్‌బ్యాగు గాలిబుగ్గ లెక్క ఉబ్బుతదట. ఆ చప్పుడుకు చెవులు దిమ్మెక్కుతయట, తెల్ల పొడి, పొగ వస్తయట, మనిషి కొంచెంసేపు తూలుతడట. పోలీసోళ్లు ఎలీషాతోని మిషన్ల ఊదిపిస్తే సున్నా వచ్చిందని గూడ పాండే చెప్పిండు.

"బ్రేకు మంచిగనే కొట్టిండు అవ్వా. బండి పల్టీ కొట్టలే, మూల తగిలింది, అంతే. సీట్లు జరగలే, తలుపులు బిగుసుకపోకుండ తెరుసుకున్నయి. బండి చేసినోడు చేసింది అంత పనికొచ్చింది."

"మరి ఆ బుగ్గ లిదియా కన్నెందుకు కాపాడలే?"

పాండు నాకు లిదియా కూసున్న ఎడమ పక్క డ్యాష్‌బోర్డు చూపించిండు. పగిలిన మూత మీద ఎండిన గమ్ము మరకలు నాలుగు.

"బుగ్గ ఈ మూత పగలగొట్టుకొని వస్తది. మూత మీద గాజు పలక అతికిస్తే అది తూటా లెక్క మొకానికి వస్తది. ఇక్కడ ఏం పెట్టొద్దని బండిల బొమ్మ గీసి గూడ ఇస్తరు."

ఆ పలక నాకు తెలుసు. బండి వచ్చిన నాడు గల్లీల ప్రార్థన పెట్టినం. సంఘం తరఫున, దేవుని కాపుదల గురించిన బైబిలు వాక్యం రాసిన దొడ్డు గాజు పలకను పాస్టరయ్య చేతులతోనే అతికించిండు. మేమంత పాట పాడినం, చప్పట్లు కొట్టినం. ఎలీషా ఒక చెయ్యి లేపి మళ్ల దించుకున్నడు. సంతోషం పట్టలేక అనుకున్న నేను.

ఇంటికొచ్చి వరప్రసాద్‌కు ఫోన్ చేసిన. తాగలేదని, పోలీసు కాగితం ఉన్నదని చెప్పిన. పలక సంగతి గూడ దాయలే.

"సరే అత్తమ్మా, తాగలే. పలక అక్కడ ఉండొద్దని బావకు తెల్వదా? తెల్వదంటే రేపే చెల్లెను నేనే తోలుకొస్త. తెల్సీ ఊకున్నడంటే మాత్రం దాని మొకం చూసి రమ్మని అడగమను."

మర్నాడు పగటీలి గండిపేట పోయిన. ఎలీషా ఇప్పుడు బండి ముట్టుకుంటలేడు. ఇండ్ల కాలనీ గేటు కాడ నౌకరి, వచ్చే కార్లకు కర్ర లేపుడు, దించుడు. నన్ను చూసి స్టూలు ఇచ్చిండు. వరప్రసాద్ అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పిన.

"తెల్వదు అను బిడ్డా. ఒక్క మాట. లిదియా రేపొస్తది. తెల్సునా నీకు, తెల్వదా?"

కారొకటి వచ్చింది. కర్ర లేపిండు, దించిండు. అప్పుడు నా దిక్కు తిరిగిండు.

"అతికిచ్చిన నాడే తెల్సు పెద్దమ్మా. అందరి ముంగట వాక్యం వద్దనుడు నాకు చేతగాలే. ఎండలకు దానంతట అదే ఒకపారి ఊడిపడ్డది. ఆదివారం పాస్టరయ్య బండెక్కేదుండె. నేనే గమ్ము తెచ్చి మళ్ల అతికించిన."