మిల్లు కళ్లంలో సుద్దగీత

బుచ్చిరెడ్డిపాలెం శివార్లలో ఒక పాత రైసుమిల్లు ఉంది. మిల్లు ఆడటం ఎప్పుడో ఆగిపోయింది. దాని ముందు వడ్లు ఆరబోసే సిమెంటు కళ్లం మాత్రం చెక్కుచెదరలేదు. చదువుకునే రోజుల్లో నేను పదిమంది ముందు మొదటిసారి నోరు విప్పింది ఆ కళ్లంలోనే. పోయిన వేసవిలో నా మొదటి హిప్‌హాప్ కచేరీ చూసిందీ అక్కడే. చూశాననడం కన్నా, మొదలైన కాసేపటికే దాన్ని ఆపబోయాననడం నిజం.

ఎండ వాలింది. కళ్లం ఇంకా అరికాళ్ళను కాలుస్తూనే ఉంది. ఒక లారీ తొట్టి పలకలు దించి దాన్నే వేదిక చేశారు. రెండు వైపులా బీరువాలంత స్పీకర్లు. పాడేవాళ్ళంతా నెల్లూరు కుర్రాళ్ళు, ఒకరిద్దరు అమ్మాయిలు. మొదట ఎక్కినవాడు పగలంతా ఇంటింటికీ భోజనం పొట్లాలు అందించే అబ్బాయి. ఆ పనిచొక్కాతోనే వచ్చాడు. వానొస్తే నీళ్ళు నిలిచే రైలు వంతెన కింది దారి గురించి, చల్లారిన బిర్యానీకి తనను తిట్టే జనం గురించి గుక్క తిప్పుకోకుండా చెబుతున్నాడు. అతను ఒక మాట అంటాడు, కళ్లమంతా కేక వేస్తుంది. ఇంకో మాట అంటాడు, మళ్ళీ కేక. నాకు రక్తం మరిగింది. మా హేతువాద సభల్లో బాబాల శిష్యులు సరిగ్గా ఇట్లాగే వెనక నిలబడి ఈలలేసి వక్తను మాట్లాడనిచ్చేవాళ్ళు కారు. అలవాటు ఊరుకోనిస్తుందా? కుర్చీలోంచి లేచి రెండు చేతులూ ఎత్తాను.

"సైలెన్స్! మాట్లాడేవాణ్ణి మాట్లాడనివ్వండి! ప్రశ్నలుంటే చీటీ రాసి పంపండి!"

బీటు ఆగింది. ఆ అబ్బాయి లారీ అంచుకు వచ్చి వంగి నన్ను చూశాడు.

"అవ్వా, అది గొడవ కాదు. వాళ్ళు అరవకుంటేనే నాకు గొడవ."

కళ్లం పగలబడి నవ్వింది. వెనకనుంచి ఎవడో "చీటీ రాయ్" అన్నాడు. ఇంకొకడు అందుకున్నాడు. నిమిషంలో జనమంతా "చీటీ రాయ్! చీటీ రాయ్!" అంటూ చప్పట్లు. ఆ పిల్లవాడు ఆ చప్పట్ల మీదే అప్పటికప్పుడు కట్టి, నా తెల్లజుట్టునూ భుజాన సంచినీ కలిపి పాడేశాడు. నేను కూర్చున్నాను. సిగ్గుపడలేదు. నా మాటకు జనం అంత గట్టిగా బదులు పలికి చాలా కాలమైంది.

నేను అక్కడికి పోయానని తెలిసి నా సాటి వాళ్ళు కొందరు ముక్కు విరిచారు. ఇది మన సంస్కృతి కాదన్నారు. మన సంస్కృతి ఏదో ఎవరు, ఎక్కడ కూర్చుని తేల్చారు? వాక్కు పెద్దకులాల సొత్తుగా ఉన్నంతకాలం దాన్ని సంస్కృతి అన్నారు. పొట్లాలు మోసేవాడు, చేపలు ఎండబెట్టేవాళ్ళ కూతురు అదే వాక్కును చేతికి తీసుకోగానే రణగొణ ధ్వని అంటున్నారు. తాళం ఎక్కడిదైతే ఏం? మిరపకాయ కూడా బయటినుంచి వచ్చిందే. అది లేకుండా నెల్లూరు చేపల పులుసు వండి చూపించండి.

నేను పోయింది ఒక పిల్ల కోసం. వాకాడు వైపు సముద్రం ఒడ్డు పల్లెలో ఒక చేపల వేటకాడి కూతురు. గూడూరులో ఒక కళాశాల వక్తృత్వ పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచినప్పుడు పరిచయమైంది. వరకట్నం మీద అందరూ బట్టీపట్టింది అప్పజెబుతుంటే ఈ పిల్ల చేత్తో బల్ల మీద దరువేస్తూ మాట్లాడింది. ఆ తర్వాత తన పాటలు నా ఫోనుకు పంపడం మొదలుపెట్టింది. వాటిలో ఒకటి విని నేను మంచంమీంచి లేచి కూర్చున్నాను.

వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళు పడవ ఎక్కకూడదు. ఎక్కితే మైల, గంగమ్మకు కోపం వస్తుంది, వల ఖాళీగా వస్తుంది. పడవకు మాత్రం ఇంట్లో ఆడపిల్ల పేరు పెడతారు. వాళ్ళ నాయన ఫైబరు పడవ ముక్కు మీద ఎర్రరంగుతో రాసి ఉన్నది ఈ పిల్ల పేరే. పాటంతా ఆ సంగతే.

ఆ పాట ఫోన్లలో ఊరంతా తిరిగింది. పెద్దలు కూర్చుని దురాయి వేశారు. దురాయి అంటే ఆ పల్లెల్లో పెద్దల కట్టడి. దాన్ని దాటి ఎవరూ బతకలేరు. ఆ పాట ఏ వేదిక మీదైనా పాడితే వాళ్ళ నాయన పడవ మీదికి ఒక్క మనిషీ పోకూడదన్నది ఆ కట్టడి. కచేరీ పెట్టిన రోజుతో సర్కారు వేసవి చేపల వేట నిషేధం ముగుస్తుంది. మర్నాడు తెల్లారుజామున పడవలన్నీ నీళ్ళలోకి దిగాలి. రెండు నెలలుగా పొయ్యి అంతంతమాత్రంగా వెలుగుతున్న ఇల్లు అది.

"పాడు" అన్నాను, నా దగ్గరికి వచ్చినప్పుడు. "మూఢనమ్మకానికి మొహమాటమేంది? గొంతెత్తి పాడు."

ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. "పాడతా. పొద్దున్నే పడవ మీదికి ఎవురూ రాకపోతే మీరొచ్చి వల లాగతారా అవ్వా?"

ఇట్లాంటప్పుడు నాకు మా మాస్టారు గుర్తొస్తారు. ఆయన హైస్కూల్లో తెలుగు చెప్పేవారు. సాయంత్రాలు సైకిలు మీద ఊరూరూ తిరిగి వితండవాదులతో తలపడేవారు. ఆ మిల్లు కళ్లంలో ఆయన నడిపిన చర్చలకు ఒక పద్ధతి ఉండేది. వడ్లు ఒక పక్కకు కుప్పజేయించి, ఖాళీ అయిన చోట సుద్దముక్కతో అడ్డంగా గీత గీసేవారు. ఒక పక్షం ఇటు, ఒక పక్షం అటు. ఖండించాలనుకున్నవాడు ముందు గీత దాటి పోయి ప్రత్యర్థి పక్కన నిలబడాలి. వాడి వాదన వాడికంటే బాగా చెప్పాలి. వాడు "అవును, నా మాట ఇదే" అని తలూపిన తర్వాతే వెనక్కొచ్చి తన మాట మొదలుపెట్టాలి. తలూపకపోతే మళ్ళీ చెప్పాలి. పూర్వపక్షం చేతగానివాడికి సిద్ధాంతం చెప్పే హక్కు లేదనేవారు. ఒకసారి నేను ఒక పురోహితుడి పక్కన నిలబడి గ్రహణం పట్టువిడుపుల గురించి ఆయన తరఫున మాట్లాడితే ఆయన మురిసిపోయి, "ఈ పిల్లను మా ఇంటికి పంపండయ్యా, మంత్రం చెప్తాను" అన్నాడు. తర్వాత నా ఖండన విని మొహం మాడ్చుకున్నాడు గానీ, మర్నాడు బజార్లో కనిపించి పలకరించాడు. ఉడికిన వడ్ల వాసన, సోడాబుడ్డి గోలీ చప్పుడు, కాళ్ళకింద నునువెచ్చని సిమెంటు. ఇప్పటి టీవీ చర్చల్లో ఎనిమిది మంది ఒకేసారి అరుస్తుంటే నాకు ఆ సుద్దగీత కోసం ప్రాణం కొట్టుకుంటుంది.

ఇదంతా ఆ పిల్లకు చెప్పాను. విన్నది. బస్సెక్కి పోయింది.

కచేరీలో ఆమె వంతు వచ్చేసరికి ఆకాశం ఎర్రబడింది. జనం వెనక, మిల్లు గోడ దగ్గర, వాళ్ళ ఊరి పెద్ద నిలబడి ఉన్నాడు. తెల్లపంచె, మెడలో తువ్వాలు. పిల్ల దురాయి దాటుతుందో లేదో కళ్ళారా చూసిపోదామని వచ్చాడు. ఆయన పక్కన పిల్ల నాయన, తల వంచుకుని.

బీటు మొదలైంది. ఆ పిల్ల మైకు పట్టుకుని లారీ మీదనుంచి కిందికి దూకింది. జనం చీలి దారిచ్చారు. కళ్లమంతా నడిచి తిన్నగా పోయి ఆ పెద్దాయన పక్కన, ఆయన చూస్తున్న వైపుకే తిరిగి నిలబడింది. గీత లేదు, మాస్టారు లేరు. పిల్ల మాత్రం గీత దాటింది.

"ఒడ్డునున్నోడికి వంద మాటలు, నీళ్ళమీదున్నోడికి ఒకటే మాట: తిరిగి రావాల!
గాలి ఎవురి మాట వింటాది, అల ఎవురిని అడిగి లేస్తాది?
తాత పట్టిందే తాడు, నాయన పట్టిందే తాడు,
వదిలి చూసినోడు లేడు, పట్టుకున్నోడే బతికినాడు.
మూఢమంటావా నువ్వు? సుడిలోకొచ్చి నవ్వు!"

ఎవరూ కేక వేయలేదు. పెద్దాయన ముందుకు వంగి విన్నాడు. ఆయన భయం ఆయనకే అంత అందంగా ఎవరూ చెప్పి ఉండరు.

బీటు మీదే ఆ పిల్ల అడిగింది. "ఇదేనా తాతా మీ మాట?"

"అదే" అని తలూపాడు ఆయన. "అదే మా మాట."

ఆ పిల్ల నడిచి వెనక్కొచ్చింది. లారీ ఎక్కింది. అప్పుడు ఎత్తుకుంది తన మాట.

"ముక్కుమీద ఎర్రరంగు, రాసిందెవురి పేరు?
కెరటం తాకే మొదటి తావు, అక్కడుందెవురి పేరు?
నా పేరు ఎక్కొచ్చు, నేను ఎక్కకూడదా?
గంగమ్మ ఆడదే, కిందుండి మోస్తాది,
నేనూ ఆడదాన్నే, పైనుంటే ముంచుతానా?
నా పేరు ఎక్కొచ్చు, నేను ఎక్కకూడదా?"

రెండోసారికి కళ్లమంతా అందుకుంది. నేనూ అరిచాను. నా జన్మలో వక్త మాట్లాడుతుండగా అరవడం అదే మొదలు.

పాట అయ్యాక పెద్దాయన జనాన్ని తోసుకుంటూ లారీ దగ్గరికి వచ్చాడు. వాళ్ళ నాయన వెనకే వచ్చాడు, చేతులు నలుపుకుంటూ. కుర్రాళ్ళు అడ్డం నిలబడబోయారు.

"జరగండబ్బయా, కొట్టను" అన్నాడు ఆయన. తర్వాత తలెత్తి పిల్లను చూశాడు. "ఒకటి మర్చిపోయినావు మే. మొగోళ్ళు తిరిగి రాకపోతే పిల్లకాయలకు ఒకరన్నా మిగలాల గదా. ఇద్దురూ పడవెక్కితే ఇంట్లో ఎవురుంటారు? మా అవ్వ చెప్పింది నాకది. ఆ మాట పాటలో యాడుంది?"

నేను ఉలిక్కిపడ్డాను. మైల, గంగమ్మ కోపం అనే పొట్టు కింద ఇంత మనుషుల భయం ఉందని నేను ఊహించలేదు. ఆ వాదనకూ జవాబుంది, నా నాలుక చివర ఉంది. కానీ వంతు నాది కాదు.

పిల్ల మైకు దించి మామూలు గొంతుతో అంది. "ఆ మాటే చెప్పండి తాతా, వింటా. ఇంట్లో ఒకరుండాల, అది నిజం. ఎవురుండాలో ఆ ఇంటోళ్ళు తేల్చుకుంటారు. దానికి మైలని పేరు పెట్టి గంగమ్మ మీదికి ఎందుకు నెట్టినారు?"

పెద్దాయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"నోరు చూడు. మీ అమ్మ నోరే." వాళ్ళ నాయన వైపు తిరిగాడు. "ఊళ్ళో పెద్దలం కూసున్నప్పుడు ఈ పిల్లను తీసుకురా. ఆడ చెప్పమను."

"మరి పడవో, అన్నా?" అన్నాడు వాళ్ళ నాయన. ఆ సాయంత్రం ఆయన నోట విన్న మొదటి మాట అదే.

పెద్దాయన మోటారు సైకిలు ఎక్కి పోయాడు.

మా మాస్టారు ఉంటే నవ్వేవారు. ప్రత్యర్థి నిన్ను తిట్టి పోతే సభ ముగిసినట్టు, నీకు ఒక పాయింటు అందించి పోతే చర్చ మొదలైనట్టు అనేవారు. కానీ పాయింట్లతో పొయ్యి వెలగదు. ఇంటికొచ్చి పడుకున్నాను గానీ, నిద్రలో కూడా పడవే.

తెల్లవారాక ఫోను మోగింది. పిల్ల పంపిన గొంతు సందేశం. మొదట మాటలు లేవు. కెరటాల హోరు, ఇసుక మీద పడవ అడుగు గీసుకుపోతున్న చప్పుడు, ఇంజను ఒకసారి దగ్గి ఆగడం. అందులోంచి మగగొంతులు. వాళ్ళ నాయన పడవను నీళ్ళలోకి నెడుతూ, ఒక్కో తోపుకు ఒక్కో ముక్కగా, ఆ పిల్లను ఏడిపించడానికే అంటున్నారు.

"నా పేరు... ఎక్కొచ్చూ! నేను... ఎక్కకూడదా!"

"నవ్వండి, నవ్వండి మామా! ఆడోళ్ళు ఎక్కకూడదనే కట్టడి ఎత్తేసినంక చూస్తా మీ సంగతి" అని పిల్ల గొంతు. ఇంకా ఎక్కలేదు. ఒడ్డునే ఉంది.

ఇంజను అందుకుంది. ఆ చప్పుడు దూరమయ్యేదాకా విని, మళ్ళీ మొదటినుంచి పెట్టుకున్నాను.